సంగటికి ఇద్దరు మనుషులు

సంగటి గెలికేదానికి ఇద్దరు కావాల. ఒకరు సట్టి కదలకుండా పట్టుకోవాల, ఇంకొకరు కట్టెతో గెలకాల. దగ్గరికి జరగండి నాయనా, పొయ్యిలో ఇంకా నిప్పులుండాయి. మీ అమ్మ కుక్కర్లో చేసేది కూడా సంగటే, నేను కాదనను. నేను చెప్పేది మట్టి సట్టి కాలం ముచ్చట.

నూకలు మెత్తగా ఉడికినాక రాగిపిండి నడిమధ్యన కుప్పగా పోసి, కలపకుండా మూతేసి, కట్టెలు వెనక్కు లాగి మంట తగ్గియ్యాల. పిండి ఆ ఆవిరికే మగ్గాల. తొందరపడి ముందే కలిపితే ఉండలు కడతాది, పచ్చివాసన పోదు. మగ్గినాక సట్టి కిందికి దించి గెలకాల. కష్టమంతా ఆడుంది. చేతి బలం, నడుము బలం రెండూ కట్టె మీద పెడితేగాని పిండీ నూకా ఒకటి గావు. ఒంటిగా చేస్తే సట్టి జారిపోతాది. మా పుట్టింట్లో మా అమ్మ గెలుకుతాంటే మా అవ్వ పట్టుకునేది. అవ్వ పోయినాక నేను పట్టుకుంటి. మా నాయన పొయ్యి దిక్కుకు వచ్చి ఎరగడు. ఆ కాలంలో ఏ ఇంట్లోనైనా అంతే.

1969లో పెండ్లయి జమ్మలమడుగులో కాపురం పెట్టినాము. మీ జేజినాయన ఆడ బళ్ళో అయ్యవారు. మా అత్తా మామా పల్లెలో ఉండ్రి, ఆ ఇంట్లో మేమిద్దరమే. తొలిసారి సంగటికి ఎసరు పెట్టినప్పుడు, పట్టుకునేదానికి ఎవరిని పిల్చుకోవాలని నేను దిక్కులు చూస్తాంటే, ఆయన బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కొని, తువ్వాల నాలుగు మడతలు పెట్టి, సట్టికి రెండు పక్కలా ఆనించి కూచున్నాడు. "ఊఁ, గెలుకు" అన్నాడు. ఆ పొద్దు నుంచి మా ఇంట్లో వంట నా ఒక్కదాని పని కాలేదు. ఇరుగుపొరుగోళ్ళు అనాల్సినవన్నీ అన్నారు. అయ్యవారు పెండ్లాం కొంగు పట్టుకోని తిరుగుతాన్నాడని నవ్వినారు. ఆయన వినీ విననట్టే ఉన్నాడు. "తినేది ఇద్దరం గదా" అనేవాడు నాతో.

ఆయన ఉద్యోగం మమ్మల్ని మూడూళ్ళు తిప్పింది. జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు. మూడూ ఒక్క జిల్లావే, బస్సెక్కితే పూటలో పోయి రావచ్చు. అయినా ఊరు మారినప్పుడల్లా నా పొయ్యి మీద ఉడికేది మారిపోయింది. నేల ఏది పండిస్తే నోరు అదే అడుగుతాది.

జమ్మలమడుగు పక్క నల్లరేగడి. జొన్నలు, పత్తి, శెనగలు. ఆడ రొట్టె లేకుండా పొద్దు గడవదు. జొన్నపిండికి గోధుమపిండికున్న జిగురు ఉండదు, అందుకని సలసల కాగిన నీళ్ళు పోసి, చెయ్యి కాల్తాన్నా సరే పిసకాల. పిసికినకొద్దీ పిండి మాట వింటాది. పీట మీద పొడిపిండి చల్లి, అరచేత్తో తిప్పుతా తట్టాల. పెన్నెం మీద వేసినాక పైన తడిగుడ్డతో తుడవాల, లేదంటే అంచులు పగుల్తాయి. రెండు పక్కలా మచ్చలు పడినాక నిప్పుల మీద ఆనిస్తే నిండుగా పొంగుతాది. పక్కన ఎర్రగడ్డ, శెనిక్కాయల ఊరిబిండి. గోగాకు దినమైతే పుల్లగూర. చేనికి పోయే మనిషికి ఇంతకన్నా మంచి కూడు ఏముందో నాకు తెలీదు.

పులివెందుల పోయినాక రాగులూ కొర్రలూ ఎక్కువైనాయి. ఆడ శెనిక్కాయ పంట, చీనీ తోటలు, అరటి తోటలు. వాన తక్కువ, బావులు లోతు. నీళ్ళకే సగం పొద్దు పోయేది. ఆ ఊరి ఆడోళ్ళు శెనిక్కాయల పొడి కొట్టేదానిలో దిట్టలు. కాయలు దోరగా వేయించి, పొట్టు చెరిగి, ఎండుమిరక్కాయలు, తెల్లగడ్డ, ఉప్పు వేసి రోట్లో దంచుతాండ్రి. మరీ మెత్తగా దంచితే నూనె పైకి వచ్చి ముద్దయిపోతాది, పలుకు తగలాల. ఆ పొడి నేర్చుకున్నాక మా ప్రయాణాలకు ఒక దారి దొరికింది. దాని సంగతి ముందుకు చెప్తా.

ప్రొద్దుటూరు వేరే లోకం. ఊరి చుట్టుపక్కల పల్లెలకు కే.సీ. కాలువ నీళ్ళు. సుంకేసుల కాడ తుంగభద్ర నుంచి కడప దాకా తవ్విన కాలువ అది, నూటయాభై ఏండ్ల నాటిది. ఆ నీళ్ళతో వరి, పసుపు. ఇంకేముంది, దినమూ తెల్లన్నమే! బంగారు అంగళ్ళు వీధులకు వీధులు. దసరాకు మైసూరు తర్వాత మా ప్రొద్దుటూరే అని ఊరోళ్ళు చెప్పుకుంటారు, అమ్మవారిశాల కాడ ఆ అలంకారాలు చూసినోళ్ళకు అది ఎచ్చుగా అనిపించదు. ఆ ఊళ్ళో మీ జేజినాయనకు ఇంకొక సంబరం ఉండె, అగస్త్యేశ్వరస్వామి గుడి. పుట్టపర్తి నారాయణాచార్యుల వారు శివతాండవం రాసింది ఆ గుళ్ళోనే అని చెప్తారు. ఆచార్యుల వారి ఇల్లాలు కనకమ్మ గారు కూడా కవిత్వం రాసిన పండితురాలే. కార్తీకంలో దీపం పెట్టేదానికి పోయినప్పుడల్లా ఈయన ఆ దంపతుల కథ నాకు చెప్పకుండా ఇంటికి తెచ్చింది లేదు.

ఇప్పుడు కేకుల సంగతి. మీరు అడిగింది అదే గదా! మన ఇండ్లలో కేకు యాడనుంచి వచ్చింది జేజీ అని.

జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్ళు పెట్టిన క్యాంబెల్ ఆసుపత్రి ఉంది. చుట్టూ ఎన్నో పల్లెల్లో కాన్పంటే ఆ ఆసుపత్రే. మీ పెదనాయన పుట్టింది ఆడనే. వై.ఎస్. రాజశేఖరరెడ్డి చదువైనాక డాక్టరుగా పనిచేసింది కూడా ఆ మిషనాసుపత్రిలోనే. నా కాన్పప్పుడు చూసుకున్న నర్సమ్మ ఒకామె మా వీధి చివర ఉండేది. క్రిస్మస్ పండగకు ఒక ముక్క కేకు పంపించింది. అంత మెత్తగా, గుడ్డు వాసన తెలీకుండా ఎట్లా చేసినారని నేను పోయి అడిగితే, ఆ తల్లి వంటింట్లో కూచోబెట్టుకోని చూపించింది.

ఆమె ఇంట్లో ఓవెన్ లేదు. పెద్ద ఇత్తడి బోగినిలో పెన్నా ఇసుక. ఆ ఇసుకను ఏట్లో నుంచి తెచ్చి, నాలుగు నీళ్ళు కడిగి, ఎండబెట్టి, జల్లించి పెట్టుకుంటాది. బోగినిలో వేలు లోతున ఇసుక పోసి పొయ్యి మీద బాగా కాగబెట్టాల. మైదా, చక్కెర, వెన్న, గుడ్లు గిలక్కొట్టిన పిండి గిన్నెలో పోసి ఆ ఇసుక మీద ఆనించాల. పైన మూత. మూత మీద గూడా నిప్పులు. కింద నిప్పు సన్నంగా, పైన నిప్పు కొంచెం ఎక్కువగా ఉండాల. కింద ఎక్కువైతే అడుగు మాడి నడుమ పచ్చిగా ఉంటాది. ఉడికిందీ లేందీ చీపురు పుల్ల గుచ్చి చూసుకోవాల, పుల్లకు పిండి అంటకపోతే అయినట్టు. నడుమ నడుమ మూత తీసి చూస్తే పొంగింది కుంగిపోతాది. ఆ ఓపిక లేనోళ్ళు కేకు జోలికి పోకూడదు.

మా ఇంట్లో పిండి గిలక్కొట్టేది ఈయన. చక్కెరా వెన్నా తెల్లబడేదాకా గిలక్కొట్టాల, అది పది నిమిషాల్లో అయ్యే పని కాదు. పిల్లోళ్ళ లెక్కలు దిద్దుకుంటా ఒక చేత్తో గిలక్కొడతాండె. చక్కెర రేషన్ కార్డు మీద వచ్చే కాలం అది. కేకు చెయ్యాలంటే ముందు నెల నుంచే కాఫీలో బెల్లం వేసుకోని చక్కెర మిగిలించుకుంటాంటిమి. ఇప్పుడు మీకు అంగట్లో అర్ధగంటలో పేరు రాసి ఇస్తారు. తినండి, నాకేం కోపం లేదు. కానీ నెలంతా చక్కెర మిగిలించి చేసిన కేకును పిల్లోళ్ళు ముక్క ముక్క దాచుకోని తింటాంటే చూసిన కండ్లు నావి.

ప్రొద్దుటూరు వచ్చినాక బేకరీ దగ్గరైంది. అప్పుడు బిస్కెట్లు కొనుక్కునేది తక్కువ, కాల్పించుకునేది ఎక్కువ. సంక్రాంతికి ముందు, రంజాన్‌కు ముందు, క్రిస్మస్‌కు ముందు బేకరీ కాడ జనం బారులు తీరుతాండ్రి. మైదా, చక్కెర, డాల్డా మనమే తీసుకపోవాల. వాళ్ళు డాల్డాను, పొడి చేసిన చక్కెరను అరచేత్తో రుద్ది రుద్ది నురగ మాదిరి చేసి, మైదా, సోడా కలిపి, బిళ్ళలు చేసి రేకుల మీద పేరుస్తారు. ఇటుకల బట్టీలో కట్టెలు మండించి, బూడిద ఊడ్చేసి, ముందు రొట్టెలు కాల్చి, ఆ వేడి కొంచెం తగ్గినాక బిస్కెట్లు లోపలికి తోస్తారు. కాల్చిన కూలి ఇచ్చి, డబ్బాకు ఎత్తుకోని రావడమే. ఈయన సైకిలు వెనక డబ్బా కట్టుకోని పోయి, తన వంతు వచ్చేదాకా బేకరీ అరుగు మీద పేపరు చదువుకుంటా కూచుంటాండె. మన పిండిని ఇంకొకరి పిండితో కలపనీయడు. ఆ డబ్బా మూత తీసినప్పుడు వచ్చే వాసన వీధంతా తెలుస్తాండె. హిందువులు, సాయిబులు, క్రిస్టియన్లు, అందరి డబ్బాలూ ఆ ఒక్క బట్టీ ముందరే.

పండగలన్నిట్లో నాకు ఉగాది ఓళిగలంటే ప్రాణం. అందరికీ ఓళిగ తీపే కనపడతాది, నేను మాత్రం ఓళిగ చారు కోసం చేస్తాను. శెనగబేడలు ఉడికించి వార్చిన కట్టు ఉంటాది చూడండి, దాన్ని పారబోస్తే పాపం. అందులో కొంచెం పూర్ణం, చింతపండు పులుసు, కారం వేసి, తెల్లగడ్డ, కరేపాకు తిరగవాత పెడితే తీపీ, పులుపూ, కారమూ మూడూ నాలిక మీద నిలుస్తాయి. మర్నాటికి ఇంకా బాగుంటాది. బేడలు మరీ మెత్తగా ఉడికితే పూర్ణం జారుడవుతాది, కట్టు చిక్కబడతాది. వేలితో నలిపితే నలగాల, కానీ గింజ ఆకారం పోకూడదు. పూర్ణం రుబ్బేది నేను, అరటాకు మీద తట్టేది నేను, పెన్నెం కాడ కాల్చేది ఆయన.

ప్రయాణాల సంగతి చెప్పమంటారు. ఆ కాలంలో ఆడమనిషి ఊరు దాటాలంటే కాన్పుకో, పెండ్లికో, మొక్కుబడికో దాటాల. ఊరికే చూసి వద్దామని పోయేది లేదు. ఎండాకాలం సెలవలు ఇచ్చినాక ఈయన "గండికోట చూసొద్దాం రా" అంటే మా అత్త "ఏం మొక్కుండాది ఆడ?" అని అడిగింది. ఆడ మాధవరాయస్వామి గుడి ఉంది, రంగనాథస్వామి గుడి ఉంది, కానీ లోపల దేవుడు లేడు. "దేవుడు లేని గుడికి మొక్కేంది?" అనింది ఆమె. ఈయన "దేవుడు లేకపోతే ఏమమ్మా, రాయలకాలం రాళ్ళుండాయి, వాటికే మొక్కి వస్తాము" అన్నాడు. ఆమె ఇంక ఏమనలేక చద్ది మూట నా చేతికిచ్చింది.

జమ్మలమడుగు నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు. కోట గోడ దాటి లోపలికి పోతే పల్లె, పల్లె దాటితే పెద్ద మసీదు, ధాన్యాగారం, గుళ్ళు. గుడీ మసీదూ ఒక కేక దూరంలో ఉంటాయి. పెమ్మసాని నాయకుల కోట అది. వాళ్ళ తర్వాత గోల్కొండ మీర్ జుమ్లా చేతిలోకి పోయింది. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఈ కోటకు వచ్చి మీర్ జుమ్లాను కలిసినాడని, ఈయన ధాన్యాగారం నీడన కూచోని పాఠం చెప్పినట్టు చెప్పినాడు. నేను వింటా రొట్టె తుంచుతాంటి. అంచు కాడికి పోయి కిందికి చూసినప్పుడు మాత్రం ఇద్దరికీ నోట మాట రాలేదు. పెన్నా ఎర్రటి కొండను నిలువునా కోసుకోని అంత లోతున పోతాది. అప్పుడు నీళ్ళు సన్నగా ఉండె. ఇప్పుడు కోటకు ఎగువన గండికోట డ్యామ్, దిగువన మైలవరం డ్యామ్ ఉన్నాయి, లోయలో నీళ్ళు నిండుగా కనపడతాయి.

పులివెందులలో ఉన్నప్పుడు శ్రావణ శనివారాలు గండి వీరాంజనేయస్వామి కాడికి పోతాంటిమి. వేంపల్లె దాటినాక పాపాఘ్ని ఏరు కొండల మధ్యన దారి చేసుకోని పోయే చోటు అది. రాములవారు బాణం మొనతో ఆంజనేయస్వామి రూపు గీసినాడని, ఎడమచేతి చిటికెనవేలు ఒక్కటి మిగిలిపోయిందని చెప్తారు. ఆ రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టి ఉంటాదంట, అది కనపడినోళ్ళు ఎక్కువకాలం బతకరంట. మన జిల్లాలు ఏలిన మన్రో దొరకు అది కనపడిందని, 1827లో పత్తికొండ కాడ కలరా వచ్చి ఆయన పోయినాడని పెద్దోళ్ళు చెప్తాండ్రి. నేను ఆడికి పోయినప్పుడల్లా తలెత్తి కొండల దిక్కు చూసేదాన్ని కాదు. ఈయన మాత్రం తీరిగ్గా చూస్తాండె. నాకు అది భయమే, ఇప్పటికీ.

ఒంటిమిట్ట పోయింది చైత్రమాసంలో. ఆడ సీతారాముల కల్యాణం పగలు కాదు, రాత్రి, పున్నమి దగ్గరి వెన్నెల్లో. గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే రాతిలో ఉంటారు, పక్కన ఆంజనేయుడు ఉండడు. ఆ గుడి పాడుబడితే మళ్ళీ నిలబెట్టింది వావిలికొలను సుబ్బారావు గారు. జమ్మలమడుగులో పుట్టిన మనిషి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పండితుడుగా పనిచేసి, అదంతా వదిలేసి, టెంకాయ చిప్ప చేత పట్టుకోని ఊరూరా అడుక్కోని రాముడికి కూడబెట్టినాడు. మన ఊరి మనిషని చెప్పుకునేదానికి ఇంతకన్నా ఏం కావాల?

ఆ రాత్రి చింతచెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి అన్నం వండినాము. నేను పొయ్యి రాజేస్తాంటే ఈయన బియ్యం కడుక్కోని వచ్చినాడు. పక్కన దిగినోళ్ళలో ఒక ముసలామె చూసి, "ఎవరమ్మా, నీ తమ్ముడా?" అని అడిగింది. మొగుడు బియ్యం కడగడం ఆమె చూసి ఎరగదు. మా ఇంటాయనే అని చెప్తే, ఆమె తన మొగుణ్ణి పిల్చి చూపించింది. కల్యాణం అయిపోయేసరికి నడిరాత్రి దాటింది. తలంబ్రాలు కొంగున కట్టుకోని, వెన్నెల్లోనే సగం నిద్దర పోతా తెల్లారే బస్సుకు వచ్చినాము.

మద్రాసు గురించి చెప్పేదేమీ లేదు. ఎర్రగుంట్ల పోయి బొంబాయి రైలెక్కినాము, సముద్రం చూసినాము, వచ్చినాము. అంత ఎండలో అంత ఉప్పు గాలి నాకు పడలేదు.

యాడికి పోయినా మా మూటలో ఉండేవి ఇవే. ఎండు జొన్నరొట్టెలు, శెనిక్కాయల పొడి, చిన్న సీసాలో నెయ్యి, ఊరగాయ, పులుసన్నం. రొట్టెలు పల్చగా తట్టి, పొంగినాక మళ్ళీ పెన్నెం మీద ఆరబెట్టి, తేమంతా పోయేదాకా ఎండనిస్తే వారానికి కూడా చెడిపోవు. పొడికి నీళ్ళు తగలకపోతే నెలుంటాది. ఈ రెండూ ఉంటే మనిషి ఎవరి గడపా తొక్కకుండా ఎంత దూరమైనా పోయి రావచ్చు. హోటల్లో తినే తాహతు మాకు లేదు, ఆ దిగులూ లేదు.

ఇప్పటి పిల్లోళ్ళకు ఎన్నో సులువులొచ్చినాయి, మంచిదే. ప్రొద్దుటూరుకు, జమ్మలమడుగుకు మా వయసు కాలంలో రైలు లేదు. ఎర్రగుంట్ల నుంచి నంద్యాల దాకా రైలు నడిచింది 2016లో. ఆ రైలెక్కి ఊరికే జమ్మలమడుగు దాకా పోయి వచ్చినాము మేమిద్దరం, ఏ మొక్కూ లేకుండా. దానికంటే ముందు బెలూం గుహలు గూడా చూసినాము. కొలిమిగుండ్ల కాడ ఉన్న ఆ గుహలను 2002లో జనాలకు తెరిచినారు. మూడు కిలోమీటర్లకు పైగా భూమి లోపల పోతాయి. లోపల ఉక్కపోతకు ఈయనకు ఊపిరాడక మధ్యలోనే వెనక్కు తిరిగినాము. మీరు పోతే పిల్లోళ్ళకు నీళ్ళు తాపిచ్చి తీసుకపోండి.

గండికోటకు మాత్రం ఎండాకాలం పోవద్దండి. ఆ రాళ్ళు పొయ్యిగడ్డలే అవుతాయి. కార్తీకం దాటినాక, సంక్రాంతి లోపల పోండి, సూర్యుడు మునిగేదాకా అంచు కాడనే కూచోండి. గోడ లేని చోట చిన్నపిల్లోళ్ళ చెయ్యి వదలొద్దు. పోయే ముందు నాకు రెండు దినాలు ముందుగా చెప్పండి, రొట్టెలు ఆరేదానికి అంత పొద్దు పడతాది.